తాబేలుకు తల లేదని రాసుకున్నవాడు

చీకటి గదిలో ఎవరెవరున్నారో తెలుసుకోవాలంటే బుద్ధున్నవాడు గుమ్మంలో నిలబడి పిలుస్తాడు. నేను మాత్రం లోపలికి దూరి, గోడ వెంబడి నడుస్తూ, చేతికందిన ప్రతిచోటా ఒక్కో చెంపదెబ్బ వేసి, కేరుమన్నవాళ్లని ఉన్నవాళ్ల జాబితాలోనూ, కిక్కురుమననివాళ్లని లేనివాళ్ల జాబితాలోనూ రాసుకున్నాను. ఇరవై ఒకటో ఏట, బీయస్సీ పట్టా చేతికొచ్చాక, మిట్టమధ్యాహ్నం, ఒంటి మీద పూర్తి స్పృహ ఉండగా చేసిన పని ఇది. ఆ గది ఒక కంప్యూటరు. అది నాది కాదు, మా బావది. అందులో మా మామ్మ పాటలున్నాయి. ఆ పాటలు ఇంకెక్కడా లేవు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు నేను ఇదే పని చేసి జీతం తీసుకున్నానంటే మా చుట్టాలెవరూ నమ్మరు. స్విచ్చి వేశాక తెర మీద బొమ్మ రాకముందు, మిషను ఒళ్లు విరుచుకునే ఆ రెండు మూడు క్షణాల్లో, దాని ఒంట్లో ఏయే అవయవాలున్నాయో, ఏవి పనిచేస్తున్నాయో, దేన్నీ నొప్పించకుండా కనుక్కునే కోడ్ రాయడం నా ఉద్యోగం. సరిగ్గా చేస్తే ఎవరికీ కనిపించదు. తప్పు చేస్తే మిషను లేవదు, అందరికీ కనిపిస్తుంది. నా పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి "అబ్బాయి ఏం చేస్తాడు?" అనడిగితే మా బావ, "మిషను లేచేలోపల, అది లేస్తాదో నేదో సూస్తాడండి" అని చెప్పాడు. ఆ సంబంధం కుదరలేదు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు గనక నేను ఖండించనూ లేకపోయాను.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల ఆమదాలవలస నుంచి మా అక్క ఫోను చేసింది. "బావ పాత కొట్టు కాళీ సేస్తన్నాడురా. నీ డబ్బా ఒకటి ఉన్నాది. పట్టుకెల్తావా, పాత ఇనుములోడికి ఇచ్చీమంటావా?" అంది. వెళ్లి చూస్తే అది ఆనాటి కంప్యూటరు పెట్టె. పాతికేళ్లుగా అక్క దాన్ని కొట్టు వెనక గదిలో ఆవకాయ జాడీ కింద పీటగా వాడుతోంది. మూత తీయగానే గుప్పుమని ఆవపిండి వాసన. ఇంజనీరింగ్ చరిత్రలో ఇంత ఘుమఘుమలాడిన హార్డ్‌వేరు ఇంకొకటి ఉండదు. దుమ్ము తుడిస్తే లోపల హార్డ్ డిస్కు, దాని వీపు మీద పసుపు పచ్చబడిన కాగితం చీటీ, చీటీ మీద మూడు అంకెలు, వాటి చుట్టూ నీలం పెన్నుతో గీసిన సున్నా. ఆ సున్నా చుట్టింది నేనే. నా చదువుకి నేను వేసుకున్న మార్కు కూడా అదే అనుకోవచ్చు.

అప్పట్లో నేనూ మా మామ్మా చర్చి వెనకాల క్రైస్తవ మిషనువాళ్లిచ్చిన రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మామ్మ మా నాన్నకి అమ్మ. ఆవిడ బైబిలు స్త్రీగా పనిచేసేది. అంటే, మిషనువాళ్లు ఇచ్చిన సంచీలో బైబిలూ, నాలుగు కరపత్రాలూ వేసుకుని ఊరూరా తిరిగి, ఇంటింటి గుమ్మం ముందూ కూర్చుని, ఆడవాళ్లతో కష్టసుఖాలు మాట్లాడి, వీలు చిక్కితే ఒక పాట పాడి, ప్రార్థన చేసి వచ్చే ఉద్యోగం. తెల్లారకముందే లేచి మోకాళ్ల మీద ప్రార్థన చేసేది. తరవాత రాగుల చోడంబలి, నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ. ఆ ఉల్లిపాయ వాసనకి నా ఒక్కడికే కాదు, గోడ మీది బల్లికి కూడా మెలకువ వచ్చేది. ఆ బల్లి చ్చ్చ్ అంటే చాలు, బైబిలు చేతిలో ఉన్నా సరే, మామ్మ చూపుడువేలు మంచం పట్టె మీద టక్‌టక్‌టక్‌మని మూడుసార్లు తట్టేది. వెంటనే నాలిక్కరుచుకుని, "పెబువా, పాత అలవాటు, సెమించు" అనేది. పెబువు క్షమించేవాడనే అనుకుంటాను, ఎందుకంటే మర్నాడు మళ్లీ తట్టేది. మా ఇంటిల్లిపాదికీ ఆ అలవాటు అంటింది. మా చర్చిలో వాక్యం మధ్యలో బల్లి పలికితే పక్కనున్నవాళ్లు చూడకుండా బెంచీ అడుగున తట్టే కుటుంబం మాదొక్కటే.

మామ్మ పాడే పాటలు పుస్తకంలోవి కావు. ఇళ్ల ముందు కూర్చుని ఆవిడే కట్టినవి. "నీటికాడ కడవ దించి నిలబడ్డ సిన్నదానా, నీ గుండెకాయ బరువు దించీ సోటు సూపమన్నావా" ఇలా ఉండేవి. ఇది గుళ్లో పాడే భాష కాదని పాస్టరుగారు చాలా ఏళ్లు ముఖం చిట్లించి, చివరికి స్త్రీల కూటం పట్టుబడితే సరేనన్నారు. ఆదివారం కూటానికి చిన్న పుస్తకంగా అచ్చు వేయాలని నిర్ణయం. అక్కకీ మామ్మకీ అది ఆషామాషీ సంగతి కాదు. మామ్మకి అప్పటికే మతిమరుపు మొదలైంది. ఒక పాట మూడో చరణం తీసుకెళ్లి ఇంకో పాటకి తగిలించి, "ఇదేటే, ఇలగుండేదా?" అని అక్కనే అడిగేది. అందుకని ఆ వానాకాలమంతా సాయంత్రాలు మామ్మ బావ కొట్లో బెంచీ మీద కూర్చుని పాడుతుంటే, అక్క వింటూ నేరుగా కంప్యూటర్లోకి కొట్టేసింది. నలభై రెండు పాటలు. కాగితం మీద ఒక్కటీ లేదు. జాగ్రత్త కోసం ఒక ఫ్లాపీ మీద ఎక్కించి ఉంచింది గాని, దాని మీద ఐజాక్ బావ ఎవరిదో శుభలేఖ ఎక్కించేశాడు.

ఐజాక్ బావ మా అక్క మొగుడు. స్టేషను రోడ్డులో కంప్యూటరు పెట్టి శుభలేఖలూ, దరఖాస్తులూ, మిల్లులవాళ్ల బోర్డులూ డిజైన్ చేసేవాడు. రైలు దిగినవాడు ఎవడైనా సరే ఆయన కొట్టు ముందునుంచే వెళ్లాలి, వెళుతూ ఆయనతో ఒక మాట పడాలి. ఆయన భోజనానికి ఇంటికెళితే కునుకు తీయకుండా రాడు. ఆ రెండు గంటలూ కొట్టుకి నేను కాపలా. అంటే దొంగని కాపలా పెట్టాడని ఆయనకి తెలియదు.

ఆ రెండు గంటల్లో నేను సొంతంగా ఒక ఆపరేటింగ్ సిస్టం కడుతున్నాను. ఫ్లాపీ పెట్టి మిషను ఆన్ చేస్తే అది లేచి నల్లటి తెర మీద "నమస్కారం" అనేది. నమస్కారం తర్వాత ఏమనాలో దానికీ తెలియదు, నాకూ తెలియదు. వచ్చిన అతిథికి ఇంట్లోవాళ్లని పరిచయం చెయ్యాలి కదా, కాబట్టి మిషనులో ఏయే పరికరాలున్నాయో కనుక్కుని చెప్పించాలనుకున్నాను. పోర్టంటే మా జిల్లాలో కళింగపట్నం. ఓడలు రావడం మానేసినా దీపస్తంభం ఉంది కాబట్టి పోర్టే. కంప్యూటరు లోపలా పోర్టులుంటాయనీ, బయటి పరికరాలతో అది ఆ రేవుల గుండానే మాట్లాడుతుందనీ ఒక జిరాక్సు పుస్తకంలో చదివాను. మొత్తం వెయ్యిన్ని ఇరవైనాలుగు రేవులు. ఏ రేవు ఎవరిదో చెప్పే పేజీలు అసలు పుస్తకంలో ఉండే ఉంటాయి, నా జిరాక్సులో లేవు. తెలివైనవాడైతే ఆ పేజీలు వెతుక్కుంటాడు. నేను ప్రతి రేవులోనూ ఒక అంకె పారేసి, ఏమైనా కదిలితే అక్కడ ఎవరో ఉన్నట్టు లెక్కనుకున్నాను. ఒక అంకెతో అన్ని రేవులూ తిరగడం, అంకె మార్చి మళ్లీ మొదటినుంచి తిరగడం. పది వరసల ప్రోగ్రాము. ఇంత చిన్న ప్రోగ్రాముతో ఇంత నష్టం చేసినవాళ్లు తక్కువమందే ఉంటారు.

మీట నొక్కాను. ముందు ఫ్లాపీ దీపం వెలిగింది. "ఫ్లాపీ ఉంది" అని నోటుబుక్కులో రాసుకున్నాను. ప్రింటరు పూనకం వచ్చినట్టు ఊగి, కాగితం మీద ఏవో వంకర గీతలు కక్కింది. "ప్రింటరు ఉంది." స్పీకరు, ఎవరో కోడిపెట్ట తోక తొక్కినట్టు, కీచుమని ఆపకుండా అరిచింది. "స్పీకరు బ్రహ్మాండంగా ఉంది." నా ఆనందానికి అంతులేదు. అందరూ పలుకుతున్నారు! వాళ్లు పలకడం లేదు, ఏడుస్తున్నారని నాకు తట్టలేదు. అంతలో మిషను తనంతట తనే ఆరి, తనంతట తనే వెలిగి, బావ రోజూ చూసే పాత తెర మీద ఒక వాక్యం చూపించి ఆగిపోయింది. హార్డ్ డిస్కు లేదుట. పొద్దున్నే ఉన్న డిస్కు, మామ్మ నలభై రెండు పాటలున్న డిస్కు, లేదుట.

బావ చెంప మీద దిండు గీతలతో వచ్చాడు. తెర చూశాడు, నన్ను చూశాడు.

"ఏటి సేసావురా?"

"నానేటీ సెయ్నేదు బావా. కూకున్నాను."

"కూకుంటే మిషను సచ్చిపోద్దేటి?"

అప్పుడు నా నోట్లోంచి ఊడిపడింది: "బల్లి బావా. లోపలికి బల్లి దూరింది. నాను సూసాను."

బావ ఆ పూటంతా డబ్బా మూత విప్పి, టార్చిలైటు వేసి, పుల్లతో కెలికి బల్లిని వెతికాడు. "సచ్చినోడిది ఏ మూల నక్కిందోరా" అంటూ ప్రింటరు కూడా విప్పాడు. నేను పక్కనే నిలబడి టార్చి పట్టుకున్నాను. జీవితంలో నేను లేనిదాన్ని వెతికించిన మొదటి సందర్భం అది. మర్నాడు విజయనగరం నుంచి మెకానిక్కు వచ్చి, రెండు మీటలు నొక్కి, "డిస్కు పోయినాది సార్. కడిగీసి కొత్తగా సేస్తే లేస్తే లెగొచ్చు. లోపలున్నయ్యి మాత్రం ఆశ వదులుకోండి" అన్నాడు. కడిగే సరంజామా పట్టుకుని గురువారం పొద్దున్న వస్తానన్నాడు. అక్క ఆ సాయంత్రం అన్నం వండలేదు. మామ్మ మాత్రం, "పోన్లేవే, నోట్లో ఉన్నాయి కదా" అని, ధైర్యం చెప్పడానికి ఒక పాట ఎత్తుకుని, రెండో చరణం దగ్గర ఆగిపోయి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అంతవరకూ అక్కా బావా నేనూ ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం గాని, ఆ తర్వాత చూసుకోలేదు.

బుధవారం మామ్మకి సముద్రం ఒడ్డు పల్లెల వంతు. "సంచీ మోద్దువుగాని రా" అంది. ఎందుకు పిలిచిందో అప్పుడు తెలియలేదు. బస్సులో శ్రీకాకుళం, అక్కడినుంచి ఇంకో బస్సులో శ్రీకూర్మం, ఆపైన ఇసకలో నడక. పల్లె మొదట్లో ఒకావిడ తాటాకు నీడన కూర్చుని చేపలు ఏరుతోంది. మామ్మ ఊళ్లోకి వెళ్లకుండా ముందు ఆవిడ పక్కన చతికిలబడింది.

"ఎవులున్నారే ఇయ్యాల? ఎవులు నేరు?"

"సివరింటి రాములమ్మ పురిటికెల్లింది. నడిమింటోలు సంతకెల్లారు. నీలం రంగు ఇంటోడు రేత్రంతా ఏటలో ఉండొచ్చి పడుకున్నాడు, ఆ తలుపు కొట్టకు మామ్మా, కొడితే తిట్టీగల్డు."

నాకు ఇదంతా కాలయాపనలా తోచింది. ఇంటింటికీ వెళితే తెలిసేదానికి ఒకరిని అడగడమెందుకు? ముందుకు నడిచాను. ఒకాయన భుజాన వలేసుకుని పడవ దగ్గరికి వెళుతున్నాడు. మర్యాద కోసం, "ఎక్కడికి మావా, ఏటకేనా?" అన్నాను. అంతే. ఆయన నిలువునా ఆగిపోయాడు. వల దభీమని ఇసకలో పారేశాడు. "ఎవుడ్రా ఈ గుంటడు! బయల్దేరినోన్ని ఎక్కడికని అడిగీసినాడు!" అని వెనక్కి తిరిగి ఇంటికెళ్లి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూలబడి నీళ్లు తాగాడు. ఆయనతో వెళ్లాల్సిన ఇంకో ఇద్దరు కూడా కూలబడ్డారు. వేట బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే ఆ రోజుకి ఆ ప్రయాణం చెడినట్టేనట. మామ్మ వెళ్లి, "బుర్ర నేనోడు నాయనా, సదువుకున్నాడు" అని రెండు ముక్కల్లో క్షమాపణా, కారణమూ చెప్పేసి వచ్చింది. నాతో మాత్రం నడుస్తూ అంది: "కొన్నిసోట్ల అడగడం కూడా తాకడమేరా."

తరవాత ఆవిడ ఇళ్లకి వెళ్లే పద్ధతి మొదటిసారి కళ్లు పెట్టి చూశాను. తలుపు తట్టదు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఆగి చూస్తుంది. చెప్పులున్నాయా, పొగ వస్తోందా, తీగ మీది బట్టలు తడిగా ఉన్నాయా. అప్పుడు పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచి, పెదాల మీద ఒక పల్లవి సాంతం పాడుకుంటుంది. పల్లవి అయ్యేలోపు పలికితే కూర్చుంటుంది, పలక్కపోతే కదులుతుంది. ఎక్కువసేపు నిలబడితే మిగతా ఇళ్లు ఆగిపోతాయిట. అసలు ఆగకపోతే కాళ్ల నొప్పులున్నవాళ్లు లేచి వచ్చేలోపు మనం వెళ్లిపోతాంట. మూల ఇంటి ముందు మాత్రం, "ఒలే జగదాంబా!" అని పిలిచింది. లోపలినుంచి "ఓ" వినిపించింది. మామ్మ నా వైపు తిరిగి, "ఈ ఊళ్లో జగదాంబ నేదు. లోపల సెవిటి ముసిల్ది. ఏ పేరెట్టి పిలిసినా ఓ అంటాది. పలికింది కదా అని నమ్మీకు" అంది. అని, ఆ ముసలావిడ పక్కన అందరికంటే ఎక్కువసేపు కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో శ్రీకూర్మంలో బస్సు కోసం ఆగాం. గుళ్లో తాబేళ్లని పెంచుతారు కదా, మామ్మకి అవంటే ప్రాణం. "గుడి ఆల్లది, తాబేలు దేవుడిది" అని సర్దుకుని, ఎప్పుడొచ్చినా కంచె దగ్గరికి వెళ్లి చూసేది. కంచె అంచున నక్షత్రాల డిప్పతో ఒక తాబేలు తోటకూర నములుతోంది. నేను ఊరుకోవచ్చు కదా. వేలు దూర్చి డిప్ప మీద టక్కున కొట్టాను. తలా కాళ్లూ లోపలికి పోయాయి. ఇంకోసారి కొట్టాను. రాయిలా ఉండిపోయింది. కాపలా ఆయన దూరాన్నుంచి కేకేశాడు. మామ్మ నవ్వింది.

"ఇప్పుడు నీ బుక్కులో ఏటని రాస్తావురా? తాబేలుకి తల నేదని రాసుకుంటావా?"

నా నోటుబుక్కు సంగతి ఆవిడకెలా తెలుసో నేనడగలేదు. మంచం కింద దాచిన వస్తువు తుడిచేవాళ్లకి కనపడదనుకోవడం కూడా నా బుద్ధి ఖాతాలోదే. అది తెరిచిన ఎవరికైనా కనపడేలా "స్పీకరు బ్రహ్మాండంగా ఉంది" అని నా దస్తూరీ. అక్కడే కూలబడి మొత్తం చెప్పేశాను. బల్లి లేదని చెప్పాను. మిషను చచ్చిపోలేదు, నేను కొట్టానని చెప్పాను. పాటలు నేనే పోగొట్టానని చెప్పాను. మామ్మ వేలెత్తి తాబేలుని చూపించింది. మేం మాటల్లో ఉండగా అది మెల్లగా తల బయటపెట్టి మళ్లీ తోటకూర అందుకుంది.

"పోయినాదని సెప్పిందెవులు?"

"మిషనే సెప్పింది మామ్మా. డిస్కు నేదని."

"మిషను పిలిసిందా?"

"పిలిసే ఉంటాది."

"పేరు తెలిసే పిలిసిందా? పేరు మర్సిపోయినోల్లు పిలిస్తే ఇంట్లో ఉన్నోడు పలుకుతాడేటిరా? నాకు ఇప్పుడు రోజూ అదే అవుతన్నాది కదా."

బస్సు వచ్చేసింది గాని నాకు ఎక్కినట్టు గుర్తులేదు. ఆ కాలపు మిషనుకి తన డిస్కు ఎలాంటిదో తనకు తెలియదు. ఎన్ని వలయాలు, ఎన్ని ముళ్లు, వలయానికెన్ని గళ్లు అని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పింది గుర్తుంచుకోడానికి చిన్న బ్యాటరీతో నడిచే చిట్టి జ్ఞాపకాల గది ఉంటుంది. దాని తలుపు కూడా నా వెయ్యిన్ని ఇరవైనాలుగు రేవుల్లో ఒకటి. నేను అంకెలు పారేసుకుంటూ వెళ్లి ఆ గదంతా చెత్తతో నింపేశాను. మిషను మతి పోయింది, డిస్కు పోలేదు. మెకానిక్కు అడిగింది మతి పోయినవాణ్ణి. సాయంత్రం అయిదింటికి కొట్లోకి పరిగెత్తి, మూత విప్పి, ఈసారి దేన్నీ తాకకుండా కళ్లతో మాత్రమే చూశాను. డిస్కు వీపు మీద చీటీ. చీటీ మీద, ఇంటి ముందు పేరు పలకలా, మూడు అంకెలు. పెన్నుతో సున్నా చుట్టి, మిషను సెట్టింగుల తెర తెరిచి ఆ మూడూ కొట్టి, మళ్లీ స్విచ్చి వేసి, ఏం చెయ్యాలో తెలియక పెదాల మీద మామ్మ పల్లవి మొదలుపెట్టాను. పల్లవి సగంలో డిస్కు గరగరమంది. నలభై రెండు పాటలూ ఉన్నాయి. అక్క తెర మీద చేత్తో తడుముతూ లెక్కపెట్టుకుని, ఆ చేత్తోనే నా నెత్తి మీద ఒకటిచ్చింది.

డిస్కు బతకడం నా గొప్ప కాదని చాలా ఏళ్ల తరవాత, ఆ పది వరసలూ కాగితం మీద మళ్లీ నడిపించి చూస్తే తెలిసింది. చెరిపెయ్యమనే ఆజ్ఞ నా ప్రోగ్రాములోంచి నిజంగానే వెళ్లింది. కాకపోతే ఆ క్షణానికి అది వెళ్లిన చిరునామా రెండో డిస్కుది. ఆ పెట్టెలో రెండో డిస్కు లేదు. లేని ఇంటి తలుపు కొట్టబట్టి ఉన్న ఇల్లు మిగిలింది.

పుస్తకం ఆదివారానికి వచ్చింది. మామ్మ దాన్ని వాసన చూసి, సంచీలో బైబిలు పక్కన పెట్టుకుంది. నేను బావ దగ్గర నిజం ఒప్పుకున్నాను. బావ కొట్టలేదు, తిట్టలేదు. చాలా శాంతంగా, "అయితే ఆ బల్లివి నువ్వేనన్నమాట" అన్నాడు. ఆ రోజునుంచి నా పేరు బల్లి. పెళ్లిళ్లలో బల్లి, చావుల్లో బల్లి. నా పెళ్లిలో ఉంగరాలు మార్చుకునేటప్పుడు వెనకనుంచి చ్చ్చ్ అని వినిపించింది. మా అత్తవారివైపు ఇద్దరు ముగ్గురు తడుముకుని కుర్చీలు తట్టారు.

మామ్మ పద్ధతిని నేను ఉద్యోగంలో తూచా తప్పకుండా వాడుకున్నాను. ముందు ఊరి మొదట్లో కూర్చున్నవాళ్లని అడగడం. మిషనులో కూడా ఎవరెక్కడున్నారో రాసిపెట్టుకునే ఒక చిట్టా ఉంటుంది, అది దొరికితే తలుపుల దాకా వెళ్లక్కర్లేదు. వెళ్లాల్సి వస్తే చూడ్డం, తాకకపోవడం. ఊరికే అడిగితేనే చెడిపోయేవాళ్లుంటారు, వేటకెళ్లేవాడి లాగా, వాళ్ల జోలికే పోకపోవడం. పిలిస్తే పల్లవి సేపు ఆగడం. ఏ పేరు పెట్టినా ఓ అనేదాన్ని, లేని పేరుతో ఒకసారి పిలిచి పరీక్షించడం. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఇదంతా ఏ పుస్తకంలో ఉందని అడిగేవారు. నా జిరాక్సులో ఆ పేజీలు లేవు అనేవాణ్ణి.

మామ్మ చివరి రోజుల్లో ఆసుపత్రివాళ్లు వచ్చి "పేరేంటమ్మా? ఇది ఏ ఊరు?" అని గబగబా అడిగి, జవాబు లేకపోయేసరికి స్పందన లేదని కాగితం మీద రాసుకుని వెళ్లిపోయేవారు. వాళ్లు వెళ్లాక నేను మంచానికి నాలుగడుగుల దూరంలో కూర్చుని, ఏమీ అడక్కుండా, "నీటికాడ కడవ దించి" అని పల్లవి ఎత్తుకుని ఊరుకునేవాణ్ణి. ఒక్కోసారి చాలాసేపు పట్టేది. రెండో చరణం మాత్రం లోపలినుంచి వచ్చేది. అంతా అయ్యాక, "ఎవులు కట్టారోగాని బాగున్నాదిరా" అనేది.

ఇప్పటి పరికరాలకి ఈ తంటా లేదు. తీగ గుచ్చగానే పేరూ, కంపెనీ, పుట్టుపూర్వోత్తరాలూ అన్నీ అవే ఏకరువు పెడతాయి, పెళ్లిసంబంధానికొచ్చిన మగపిల్లాడి మేనమామ లాగా. ఆయన మాట ఎంత నమ్మాలో వాటి మాటా అంతే నమ్మాలి. మనుషులూ అలాగే ఉన్నారు. ఎవరింటికి వెళ్లాలన్నా ముందు ఫోనులో "ఉన్నావా?" అని కొడతాం, వాళ్లు విశాఖపట్నంలో ఉండి "ఉన్నాను" అని కొడతారు. ఊరి మొదట్లో కూర్చుని ఎవరున్నారో, ఎవరు నిద్రపోతున్నారో, ఎవరి తలుపు కొట్టకూడదో చెప్పే మనిషి లేదు. నాకు ఆ ఒక్కటే లోటుగా ఉంటుంది. మిగతా విషయాల్లో, నా చేతి దెబ్బలకి తట్టుకునేలా మిషన్లు గట్టిపడినందుకు సంతోషమే.

ఇక నా ముచ్చట. రిటైరయ్యే ముందు మా కంపెనీ కొట్లలో బిల్లులు కొట్టే చిన్న మిషనొకటి చేసింది. స్విచ్చి వేశాక అది తన ఒంట్లో ప్రింటరునీ, స్కానరునీ వెతుక్కోడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ కాసేపూ తెర నల్లగా ఉంటే కొట్టువాళ్లు చచ్చిపోయిందనుకుని నెత్తి మీద మొత్తుతున్నారు, ఏదైనా బొమ్మ పెట్టమన్నారు. పెట్టాను. గోడ లాంటి తెల్లటి తెర మీద చిన్న బల్లి. పరికరం బొమ్మ ఉన్నచోట ఆగుతుంది, ముట్టదు. పల్లవి సేపు ఆగుతుంది. జవాబొస్తే చ్చ్చ్ అని ముందుకు కదులుతుంది. బల్లెందుకని పైవాళ్లు అడిగితే మా ప్రాంతంలో అది పలికితే సత్యమని లెక్క, కొట్టువాళ్లకి నమ్మకం కలుగుతుందని చెప్పాను. సంతకం పెట్టేశారు.

పోయిన నెల ఆవకాయ పెట్టె కోసం వెళ్లినప్పుడు బావ మధ్యాహ్నం కునుకు ముగించి, చెంప మీద అవే దిండు గీతలతో, కొత్త కొట్లో కౌంటరు వెనక కూర్చుని బిల్లుల మిషను స్విచ్చి వేశాడు. ఎక్కడో కొన్నాడు, ఎవరు చేశారో చూసుకోలేదు.

"ఒరే బల్లీ, ఇల్రా. కంప్యూటర్లు సదివినోడివి కదా. ఇదేటో సూడు. మిషనెప్పుడేసినా దీంట్లోకి ఓ బల్లి వస్తాది. నాలుగేల్లనించి సూస్తన్నాను. ఎక్కడ్నించొస్తాదిరా ఇది?"

"నీకు తెలీదా బావా?"

"నాకేటి తెలస్తాది?"

"ఆయేల డబ్బా ఇప్పి, టార్చిలైటేసి, పుల్లెట్టి కెలికి మరీ ఎతికావు కదా. ఇన్నేల్లకి దొరికీసింది."

బావ తెర వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్లీ తెర వైపు చూశాడు. బల్లి ప్రింటరు బొమ్మ దగ్గర ఆగి, ఓపిగ్గా పల్లవి సేపు కనిపెట్టుకుని ఉండి, చ్చ్చ్ అంది. బావ కుడిచేతి చూపుడువేలు, ఆయన ప్రమేయం లేకుండానే, కౌంటరు బల్ల మీద టక్‌టక్‌టక్‌మని మూడుసార్లు తట్టింది.